దక్షిణపు వాలులో ఒక చోటు

ఉలాన్‌బాతర్,
2 మార్చి 1996.

పూజ్యులైన యొందొన్ మామయ్యకు మేనల్లుడు దమ్దిన్ నమస్కరించి రాసేది.

కొత్తేడాది తెల్లనెల పండుగ బాగా జరిగిందనీ, మీ మంద చలికాలం గట్టెక్కిందనీ తలుస్తాను. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. నేను గుర్తున్నానో లేదో. మీ దొల్గొర్ అక్కయ్య కొడుకుని, పళ్ళ డాక్టర్ని. పదేళ్ళ కిందట మీరు పట్నం వచ్చినప్పుడు మీ పై దవడ పన్ను పీకింది నేనే.

విషయం ఏమిటంటే, అమ్మకి డెబ్భై ఆరు నిండాయి. మీ దర్ఖద్ లోయ విడిచి నలభై ఏళ్ళయింది. పండుగనాడు భోజనం దగ్గర ఉన్నట్టుండి, "ఈ వేసవికి నేను గుర్రమ్మీద మా లోయకి వెళ్తాను" అంది. లారీలో వెళ్దామన్నాను. "లారీలో పిండి బస్తాలు వెళ్తాయి" అంది. సరస్సు ఒడ్డున హత్గల్లో గుర్రాలెక్కి, కనుమ దాటి, నది వెంట దిగి మీ వైపు చేరాలట. మధ్యలో ఊరు లేదు, దారి లేదు, ఫోను లేదు. మ్యాపు మీద దారం పెట్టి కొలిచాను, ఏడు రోజులు చాలు. ఆవిణ్ణి ఒక్కదాన్నే పంపలేను కాబట్టి నేనూ వస్తున్నాను.

గుర్రాలు మీవే కావాలి, దారి చూపేదీ మీరే కావాలి. ఒక్క మనవి. ఒక గుర్రం మాత్రం చాలా సాధువుగా ఉండాలి. మా ఇంట్లో ఒకరికి జీను మీద కూర్చోవడమంటే ప్రాణం మీదికొచ్చినట్టే. మోకాళ్ళు బిగుసుకుపోతాయి, చేతులు వణుకుతాయి, ఎక్కాలన్నా దిగాలన్నా ఇద్దరు పట్టుకోవాలి. ఎవరికని అడక్కండి. రాయడానికి మనసొప్పడం లేదు.

ఇట్లు,
మీ దమ్దిన్.

తా.క.: ఈ సాధు గుర్రం సంగతి అమ్మ దగ్గర ఎత్తకండి. దర్ఖద్ ఆడవాళ్ళ పరువు సంగతి మీకు తెలుసు కదా, తట్టుకోలేదు.

*

చల్లబుగ్గ విడిది, దర్ఖద్ లోయ,
24 మార్చి.

చిరంజీవి దమ్దిన్‌ని యొందొన్ మామయ్య దీవించి రాసేది.

మంద సగం బాగుంది, సగం నిలబడి ఉంది. మంచు ఇంకా మోకాలి లోతు. నీ ఉత్తరం గురువారం పోస్టు లారీలో వచ్చింది. చదివి బయటికెళ్ళి కాసేపు గుర్రాల మధ్య నిలబడ్డాను. మనుషుల ముందు ఏడిస్తే కారణం అడుగుతారు.

ఎవరికని అడగొద్దన్నావు, అడగను. మీ ఇంట్లో ఉండేది ఇద్దరు. అంతమాత్రం నాకు తెలుసు. ఏడేళ్ళప్పుడు గొర్రెపిల్లని ఎత్తుకుపోయిన తోడేలుని గుర్రమ్మీద రెండు వాగులు దాటించి తరిమిన మనిషి, ఇప్పుడు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలా! సర్లే.

నా దగ్గర లేతపసుపు రంగుది ఒకటుంది, పద్నాలుగేళ్ళది. తాగినవాళ్ళని ఇంటికి చేర్చడమే దాని పని. మొన్న మా పక్క గుడారం ఆయన దాని మీద నిద్రపోయి, రెండు గుట్టలు దాటి, తన వాకిట్లో లేచి "ఎవర్రా ఇక్కడికి నా గుడారం తెచ్చింది?" అని కేకలేశాడు. ఆ గుర్రం మీది.

కానీ ఇప్పుడు మా గుర్రాలన్నీ ఎముకలు తేలి ఉన్నాయి. గడ్డి మొలిచి అవి ఒళ్ళు చేసేసరికి జూన్ ఆఖరు. కనుమ మీద మంచు కరిగేదీ అప్పుడే. జూలై మూడున హత్గల్ రండి, గుర్రాలతో నేనే ఎదురొస్తాను. సామాను రెండు సమానమైన సంచుల్లో సర్దు. ఒకటి బరువెక్కువైతే జీను జారి గుర్రం వీపు పుండవుతుంది. నదులు పొద్దున్నే దాటాలి, మధ్యాహ్నానికి మంచునీళ్ళొచ్చి జీను దాకా లేస్తాయి. ఎండు మాంసం, టీ దిమ్మ, పిండి, ఉప్పు నేను తెస్తాను. గొడుగు మాత్రం తేవద్దు. దాన్ని విప్పావంటే మా గుర్రాలు రష్యా సరిహద్దు దాకా ఆగవు.

ఆ మనిషి రోజుకి ఎంతసేపు కూర్చోగలరో రాయి.

ఇట్లు,
యొందొన్.

తా.క.: చెర్మాకి చెప్పాను. మీ అత్తయ్య సంగతి తెలుసుగా, గట్టిగా ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దన్నాను. వాళ్ళ చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

*

ఉలాన్‌బాతర్,
14 ఏప్రిల్.

పూజ్యులైన మామయ్యకు దమ్దిన్ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నా గుండె బరువు దిగింది. పేరు రాయకపోయినా మీరు పోల్చుకుంటారని తెలుసు. నవ్వుతారేమోనని భయపడ్డాను. నవ్వకుండా అర్థం చేసుకున్నారు, ఆ మేలు మర్చిపోను.

మీరడిగినదానికి జవాబు: రోజుకి రెండు గంటలు. మధ్యలో దించి పడుకోబెట్టాలి. అలవాటైపోతుందని అందరూ ధైర్యం చెబుతారు గానీ నాకు ఆశ లేదు. మా ఆస్పత్రి పెద్ద డాక్టరుగారు గుర్రాల మనిషే. ఆయన్నీ అడిగాను. "ఈ వయసులో ఇంక చేయగలిగిందేమీ లేదు" అన్నాడు.

అమ్మ ఎప్పటిలాగే ఉంది.

ఆవిడ కోరిక ఒకటి రాయమంది. ప్రయాణం చివర్లో తనకి ప్రశాంతంగా ఉండే చోటు కావాలట. కాస్త ఎత్తుగా, దక్షిణానికి తిరిగి, కింద నది కనబడాలి. "అక్కడ పడుకుంటే ఇంక లేవబుద్ధి కాకూడదు" అంది. మీకు తెలిసిన చోటు ఏదైనా ఉంటే ముందే శుభ్రం చేయించండి. పక్కనే నాకూ కొంచెం చోటు ఉంచండి.

ఆ లేతపసుపు గుర్రం పేరేమిటి? ముందునించీ పేరు పెట్టి పిలవడం అలవాటు చేసుకుంటే మంచిదని పుస్తకంలో ఉంది.

ఇట్లు,
మీ దమ్దిన్.

తా.క.: తవ్వడానికి చిన్న పార నేనే తెస్తున్నాను. మడిచి సంచిలో పెట్టుకునే రకం.

*

చల్లబుగ్గ విడిది,
5 మే.

చిరంజీవి దమ్దిన్‌కి మామయ్య ఆశీస్సులు.

గొర్రెలు ఈనుతున్నాయి, అందుకే ఆలస్యం. పెద్ద డాక్టరు అంత మాట అన్నాక కూడా "అమ్మ ఎప్పటిలాగే ఉంది" అని రాయగలిగావు చూడు, ఆ నిబ్బరానికి నీకు దండం పెట్టాలి. ఇలాంటి సంగతులు కాగితం మీద పెట్టకపోవడమే మా వైపు మర్యాద. నేనూ పెట్టను.

చోటు చూశాను. తెల్లబండ పైన, దక్షిణపు వాలు, కింద నది రెండు పాయలై కనిపిస్తుంది. లామాగారిని తీసుకెళ్ళి చూపించాను. నాలుగు దిక్కులూ చూసి, "దివ్యంగా ఉంది, మన తాతలు కొందరు ఇక్కడే ఉన్నారు" అన్నాడు. రాళ్ళు ఏరించాను. పార అక్కర్లేదు. తవ్వడం పట్నం పద్ధతి. మేం పాత పద్ధతి మనుషులం, నేలమీద పడుకోబెట్టి వచ్చేస్తాం.

నీకు చోటు సంగతి మాత్రం నా దగ్గర ఎత్తకు. నలభై ఆరేళ్ళు ఒక వయసా? తల్లి మీద ప్రేమ ఉండాల్సిందే, దానికీ ఒక హద్దుంటుంది. పెళ్ళి చేసుకో.

ఏడు రోజుల్లో కుదరదు. దారిలో చాలామంది అక్కని ఒక్కసారి చూడాలంటున్నారు. ఎర్రవాగు దగ్గర ఆరు గుడారాలు, ఉప్పుమడుగు దగ్గర నాలుగు. అవతలి కొండ నించి పగ్మా కూడా వస్తానంది. అక్కా ఆవిడా చిన్నప్పటినించీ పలకరించుకోరు, అలాంటి మనిషే వస్తానంది. అందుకని పదకొండు రోజులు వేశాను. అక్క నీరసపడితే మోయడానికి జడలబర్రె మీద మందపాటి ఉన్ని నమ్దా పరిచిన కుర్చీ కట్టిస్తున్నాను.

గుర్రానికి పేరేమిటి? లేతపసుపుది అంటే అందరికీ తెలుసు. అది ఎలాగూ పిలిస్తే రాదు.

ఇట్లు,
యొందొన్.

తా.క.: చెర్మా చెల్లెలు చాలా గుట్టు మనిషి. పోస్టు లారీ డ్రైవరుకి ఒక్కడికే చెప్పింది.

*

ఉలాన్‌బాతర్,
22 మే.

పూజ్యులైన మామయ్యకు నమస్కారాలు.

మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను, నాకు కొంచెం కష్టం కలిగింది. పదకొండు రోజులు జీను మీద వచ్చిన మనిషికి, అమ్మ పక్కన ఆరడుగుల చోటు ఇవ్వడానికి ఏమిటి మామయ్యా అభ్యంతరం? నేనూ అలసిపోతాను. పెళ్ళయితే ఇస్తారా? అమ్మని ఆ గట్టు మీద ఒంటరిగా వదిలి నేను కింద పడుకుంటే తోడేళ్ళు రావా?

తవ్వకపోతే వాన నీళ్ళు లోపలికి రావూ? ఆవిడకి తడిస్తే వెంటనే దగ్గు. మన తాతలు అక్కడ ఎలా ఉన్నారో నాకు తెలీదు, వాళ్ళ కాలం వేరు. ఇంత చిన్న విషయానికి లామాగారిని అంత దూరం నడిపించడం కూడా నాకు సిగ్గుగా ఉంది.

జడలబర్రె మీద కుర్చీ మాట చాలా బాగుంది. మీరు "అక్క" అని రాసినా ఎవరికోసమో నేను గ్రహించాను. మీ సున్నితత్వానికి కృతజ్ఞతలు.

పదకొండు రోజుల సెలవు అడిగితే ఆస్పత్రిలో ఏమీ అనకుండా ఇచ్చేశారు. పెద్ద డాక్టరుగారు నా భుజం తట్టి, "బతికొస్తే చూద్దాం" అన్నాడు.

ముఖ్యమైన సంగతి, తిరుగు ప్రయాణం గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. అమ్మ తిరిగి రావడం ఎలా? ఎప్పుడు? ముందే తెలిస్తే ఇక్కడ ఏర్పాట్లు చేసుకుంటాను.

ఇట్లు,
మీ దమ్దిన్.

తా.క.: మా వంటింట్లో ఎత్తుపీట మీద దిండు కట్టి రోజూ అరగంట కూర్చుంటున్నాను. అమ్మ చూసింది. దాని ముందు గడ్డి పెట్టింది.

*

చల్లబుగ్గ విడిది,
12 జూన్.

చిరంజీవి దమ్దిన్‌కి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ బాధ నాకు తెలుస్తోంది నాయనా. తిరిగి రావడం గురించి అడిగావు. లామాగారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని, "తిరిగి రావడం ఖాయం. కానీ ఎప్పుడు, ఏ ఇంటికి, ఏ రూపంలో అన్నది మన చేతిలో లేదు" అన్నాడు. నువ్వు ఏర్పాట్లేమీ చేసుకోకు.

వాన గురించి దిగులు పడకు. అక్కడ పడుకున్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ దగ్గలేదు.

నీ పట్టుదల చూసి చెర్మా, "పోనీ లెండి, పిల్లవాడి తృప్తికి" అంది. అక్క పక్కనే నీకూ చిన్నదొకటి శుభ్రం చేయించాను. వాడవలసిన అవసరం లేదు. చూసుకో, తృప్తిపడు, ఇంటికి వెళ్ళు.

గుర్రాలు ఒళ్ళు చేశాయి. రెండు నదులు తగ్గాయి, మూడోది ఇంకా తిక్కగానే ఉంది. జోరీగలు మొదలయ్యాయి, మెడకి గుడ్డ కట్టుకురండి. అక్కకి మెత్తటి తిండి ఏమి పెట్టాలో రాయి.

ఇట్లు,
యొందొన్.

తా.క.: పోస్టు లారీ డ్రైవరు ఎవరికీ చెప్పలేదట. దారిలో లారీ ఎక్కినవాళ్ళకి తప్ప.

*

ఉలాన్‌బాతర్,
25 జూలై.

యొందొన్ మామయ్యకు దమ్దిన్ రాసేది.

మంద గురించి ఈసారి అడగను. ఇంకా నిలబడే రాస్తున్నాను, కూర్చునే స్థితి రాలేదు.

తెల్లబండ నించి దిగిన మర్నాడే లారీ ఉండటం వల్ల మీతో తేల్చుకోకుండా వచ్చేశాను. రాగానే మీ ఉత్తరాలన్నీ వరసగా పేర్చి మళ్ళీ చదివాను. నా చెవులు ఇప్పటికీ వేడిగానే ఉన్నాయి. ఆ సాధు గుర్రం నాకోసం అడిగాను మామయ్యా! నాకు గుర్రమంటే భయం. ఆరేళ్ళప్పుడు పడ్డాను, అప్పటినించీ భయం. అమ్మకని మీరెలా అనుకున్నారు? హత్గల్లో లారీ దిగినప్పుడు మీరు చేతులు చాచి ముందుకొస్తే, ఆవిడ మిమ్మల్ని పక్కకి నెట్టి మీ ఎర్రగుర్రమే ఎక్కి కూర్చుంది కదా. అప్పుడైనా నోరు విప్పొద్దా?

ఎర్రవాగు దగ్గర పది మంది నీలం పట్టు కండువాలు చేతుల మీద పరుచుకుని నిలబడ్డారు. మీ వైపు చుట్టాలని ఇలా ఆహ్వానిస్తారు కాబోలనుకున్నాను. ఒక పెద్దాయన అమ్మ ఒళ్ళో తలపెట్టి భోరుమన్నాడు. ఇదీ ఆచారమే అనుకున్నాను. ప్రతి గుడారంలోనూ నాకే కొవ్వు ముక్క పెట్టి వీపు నిమిరేవాళ్ళు. "ధైర్యంగా ఉండు బాబూ" అన్నారు. నా స్వారీ చూసి అంటున్నారనుకుని, "అలవాటవుతోందండీ" అన్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

ఇంకో సంగతి. గుడారాలు కనబడనంతసేపూ అమ్మ దౌడు తీసేది. పొగ కనబడగానే పగ్గం లాగి, భుజాలు వంచి, దగ్గేది. అలసట అనుకున్నాను. అలసట పొగ చూసి వస్తుందా?

ఇక తెల్లబండ. మీరు ఏరించి పెట్టిన చోటు, పక్కన నా చిన్నది, ఎదురుగా చాప మీద గ్రంథం విప్పుకుని లామాగారు, వెనక కొండ నిండా జనం. గుడారం వేసుకోవడానికి చోటడిగితే మీరు శ్మశానం సిద్ధం చేశారని అప్పటికి గానీ నాకు బుర్రలో వెలగలేదు. "అమ్మా, పద పోదాం" అని చెయ్యి పట్టుకుంటే ఆవిడ వదిలించుకుని, వెళ్ళి ఆ చోట్లో పడుకుంది. కళ్ళు మూసుకుంది. లామాగారు పేజీ తిప్పారు. జనం మోకాళ్ళ మీదికి దిగారు. మరి కాసేపటికి గురక మొదలైంది. గంటసేపు మామయ్యా! అంతమంది, లామాగారితో సహా, గురక వింటూ గంటసేపు. లేచి కూర్చుని, "చోటు బాగుంది యొందొన్. టీ ఉందా?" అంది. ఆ పగ్మా అనే ముసలావిడ వేసిన కేకకి నా లేతపసుపుది కూడా బెదిరింది, జీవితంలో మొదటిసారి.

అమ్మ "నువ్వు పో, నేను నెల ఉండి వస్తా" అంది కాబట్టి వదిలి వచ్చాను. అంతమంది పెద్దవాళ్ళని ఏడిపించాం. దీనికి మీ సంజాయిషీ ఏమిటో రాయండి.

ఇట్లు,
దమ్దిన్.

తా.క.: ఆస్పత్రిలో గోడకి నల్లగుడ్డ కట్టి నా ఫొటో పెట్టారు. పెద్ద డాక్టరుగారికి మురున్ నించి వచ్చే విమానంలో పోస్టు లారీ డ్రైవరు బావమరిది కలిసి, కొండ మీద నాకూ చోటు సిద్ధం చేశారని చెప్పాడట.

*

చల్లబుగ్గ విడిది,
14 ఆగస్టు.

నాయనా దమ్దిన్, అమ్మ రాసేది.

యొందొన్ సిగ్గుపడి కలం పట్టనంటున్నాడు. పగలంతా గుర్రాల మధ్యే నిలబడి ఉంటున్నాడు. వాణ్ణేమీ అనకు. తప్పు ఉంటే నాది.

మన మెట్ల కింద పోస్టు పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుంటుందిరా? నువ్వు ఆస్పత్రికి వెళ్ళాక ఉత్తరాలు తెచ్చేదెవరు? యొందొన్ రాసిన ప్రతి ఉత్తరం నీకన్నా ముందు నేను చదివాను. టీ గిన్నె ఆవిరికి విప్పి, పిండి జిగురుతో మళ్ళీ అంటించేదాన్ని. నువ్వు రాసినవీ చదివాను. పోస్టు చేయమని నాకే ఇచ్చేవాడివి కదా.

మార్చిలోనే తెలిసింది గుర్రం ఎవరికోసమో. నీకు భయమని నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. భయపడుతూ కూడా నాతో వస్తానన్నావు, అందుకే తెలియనట్టు ఊరుకున్నాను. మే నెల ఉత్తరం చదివి మాత్రం మంటెత్తిపోయింది. వెంటనే యొందొన్‌కి నాలుగు తిట్లు రాద్దామని కూర్చున్నాను. మళ్ళీ ఒకసారి చదివాను. పగ్మా వస్తానందని ఉంది. కలం పక్కన పెట్టేశాను.

నువ్వే చెప్పు, బాగున్నానని తెలిస్తే ఎవరొస్తారు? "ఆ వచ్చిందట, వచ్చే ఏడు చూద్దాం" అంటారు. చచ్చాక వచ్చి ఎంత మంచి మాటలు చెప్పినా నాకు వినబడవు. ఇది బాగుందనిపించింది. హత్గల్లో యొందొన్ నోరు తెరవబోతే, మొదటి రాత్రి చలిమంట దగ్గరే చెప్పాను, "నోరెత్తావంటే నీ ఎర్రగుర్రం నాది" అని. పాపం, పదకొండు రోజులు వాళ్ళతో సమానంగా ఏడ్చాడు.

ఎర్రవాగు పెద్దాయన నా ఒళ్ళో ఏమన్నాడో నీకు చెప్పనుగానీ, యాభై ఐదేళ్ళ కిందట చెప్పి ఉంటే నువ్వు పళ్ళ డాక్టరువి అయ్యేవాడివి కాదు. ఉప్పుమడుగు వాళ్ళు, కరువేడాది మీ నాన్న రాత్రికి రాత్రి వాళ్ళ గుడారం ముందు కట్టేసి పోయిన రెండు మేకల గురించి చెప్పారు. ఆయన నాకెన్నడూ చెప్పలేదు. నాకు తెలియని మీ నాన్న ఒకడున్నాడన్నమాట, అది తెలుసుకోవడానికి నూట యాభై మైళ్ళు జీను మీద వచ్చాను. తెల్లబండ మీద నిజంగానే నిద్రపట్టింది. నటించలేదు. అంత హాయిగా ఎక్కడా పట్టలేదు. వాళ్ళు తొందరపడ్డారంతే, చోటు విషయంలో తప్పేమీ లేదు. అది అలాగే ఉంచమన్నాను.

మూడో నది దాటేటప్పుడు, నీళ్ళు జీనుకి తగులుతుంటే, నువ్వు జూలు పట్టుకున్న చేతుల్లో ఒకటి వదిలి నా పగ్గం అందుకున్నావు. నేను కొట్టుకుపోతాననుకున్నావు కాబోలు. నా గుర్రం నీదానికన్నా బాగానే ఈదుతోంది. చూసి కూడా చూడనట్టు ముందుకి పోయాను. ఏమైనా అంటే మళ్ళీ జూలు పట్టుకుంటావని.

ఇక్కడ ఎవరికీ కోపం లేదు. రెండురోజులు గొణిగారు, మూడోరోజునించీ యొందొన్ గుడారం ముందు వరస కట్టారు. ఎర్రవాగు పెద్దాయనకి వచ్చే ఏడు తనకీ ఇలాంటి ప్రయాణం కావాలట. ఉప్పుమడుగు ముసలాళ్ళిద్దరికీ కలిపి ఒకటి. చెర్మా చెల్లెలు తనకి అరవయ్యే అయినా ఇప్పుడే పేరు రాసుకోమంటోంది. లామాగారు పంచాంగం చూసి తేదీలు ఇస్తున్నాడు. అందరికన్నా ముందు మాత్రం మీ మామయ్యే. ఒంట్లో నలతేమీ లేదుగానీ, తన గురించి నలుగురూ ఏమంటారో తెలియకుండా పోవడం ఇష్టం లేదట. జూన్ ఆఖరున, పదిహేను రోజులు, ఈసారి ఉత్తరపు కనుమ మీదుగా. నువ్వు ముందుగా వచ్చి, ఏడుస్తున్నట్టు ఒక ఉత్తరం రాసి పెట్టాలి. ఆ కబురు లారీ డ్రైవరుకి చేర్చే బాధ్యత చెర్మాది.

వచ్చే గురువారం బయల్దేరుతున్నాను. ఆస్పత్రిలో ఆ ఫొటో తీయించు.

మీ అమ్మ,
దొల్గొర్.

తా.క.: పగ్మా రెండు రోజులు స్వారీ చేసి వచ్చి నా చెవిలో చెప్పిందేమిటంటే, పదేళ్ళప్పుడు నాదం పండుగ గుర్రప్పందెం ముందురోజు నా గుర్రానికి కడుపు పగిలేట్టు నీళ్ళు తాగించింది తనేనట. అరవై ఆరేళ్ళు దాచింది. నేను పోవడం లేదని తెలిశాక ఉగ్రరూపం ఎత్తింది, చెప్పిన మాట వెనక్కి ఇచ్చేయమంటోంది. నిన్న గుర్రమెక్కి వెళ్ళిపోతూ, "ఇంతకన్నా పెద్దది ఇంకోటుంది. అది మాత్రం నువ్వు నిజంగా పోయేటప్పుడే చెప్తా" అంది. అదేమిటో తెలిసేదాకా నేను పోయే ప్రశ్నే లేదు. అది చెప్పేదాకా దాన్నీ పోనివ్వను.